ఇంట్లో స్టూడియో ఉంది, ఎదురుగా మనిషే లేడు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న మా ఇంటికి ఒకమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ మూడో ఏడు, తొమ్మిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, గొంతు చాలా బాగుంటుంది. తోడి రాగంలో ఒక త్యాగరాజ కీర్తన రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టుకోవాలని తన కోరిక. మా రెండో బెడ్‌రూమే నా స్టూడియో, కిటికీకి బొంతలు కట్టి, బీరువా తలుపులు బార్లా తీసి పెడతా, లోపల మడతపెట్టిన చీరలు గదిలో మోత తగ్గిస్తాయి. ఫ్యాన్ ఆపేశాం, మైకు పెట్టాం, పల్లవి బ్రహ్మాండంగా పాడింది, అనుపల్లవిలో గాంధారం, అదే "గ" స్వరం దగ్గర కొంచెం జారింది. ఆపి ఇంకోసారి పాడమ్మా అన్నా. ఆ పిల్ల హెడ్‌ఫోన్స్ తీసి చాలా మామూలుగా, "పర్లేదు బాబాయ్, మీరు మెలోడైన్‌లో సరిచేసేయండి" అంది.

తన తప్పేం లేదు. మెలోడైన్ అంటే రికార్డయిన గొంతులో తప్పిన స్వరాన్ని కంప్యూటర్లో సరిచేసే సాఫ్ట్‌వేర్, అది నా దగ్గరుంది, నేను వాడతానని తనకి తెలుసు, తను చిన్నప్పట్నుంచి వింటున్న పాటల్లో చాలావరకు అలా సరిచేసినవే. కానీ నాకు ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ మాట ఈ పిల్లలకి నేర్పింది నాలాంటివాళ్లమే. "పర్లేదులే అమ్మా, తర్వాత చూసుకుందాం" అని ఇన్నేళ్లలో ఎంతమందికి చెప్పి పంపించానో లెక్కేలేదు. అందుకే ఇది రాస్తున్నా.

నేను కీబోర్డు వాయిస్తా. మొదటిసారి స్టూడియోలో అడుగుపెట్టింది 1999లో, విజయవాడలోనే, అయ్యప్ప పాటల క్యాసెట్ ఒకటి, కార్తీక మాసానికి మార్కెట్లోకి రావాలి. డబ్బు పెట్టినాయన బట్టల కొట్టు ఆయన, స్టూడియోకి గంటకి 300 చొప్పున కట్టాలి, అందుకని పన్నెండు రోజులు ఆయన గోడౌన్ పైన మేడ మీద రిహార్సల్ చేశాం, పాటలన్నీ నిద్రలో లేపి అడిగినా వాయించేలా అయ్యాకే స్టూడియో బుక్ చేశాడు. అక్కడ అడాట్ మెషిన్ ఉండేది, వీడియో క్యాసెట్ లాంటి టేపు మీద ఎనిమిది ట్రాకులు ఎక్కుతాయి, అంతే. ఇప్పుడు ఒక్క చప్పట్లకే నేను ఎనిమిది ట్రాకులు వాడుతున్నా. అప్పుడు తబలా, ఢోలక్, గజ్జెలు, తాళాలు అన్నీ కలిపి రెండు ట్రాకుల్లోకి వెళ్లాలి, కాబట్టి ఒకళ్లు తప్పితే అందరూ మళ్లీ వాయించాల్సిందే.

రెండో పాటలో పల్లవి తర్వాత వచ్చే బిట్‌లో నేను ఒక దెబ్బ ముందే ఎత్తుకున్నా. తబలా మాస్టారు ఏం అనలేదు, డగ్గా, అంటే తబలా జంటలో పెద్దదాని మీద అరచెయ్యి అలా గాల్లో ఆపి నావైపు చూశారు. అద్దం వెనకాల నుంచి రికార్డిస్టు "వన్ మోర్" అన్నాడు. మళ్లీ అదే చోట అదే తప్పు. మూడోసారి మొదలయ్యే ముందు ఫ్లూట్ వాయించే పెద్దాయన ఆయన కుర్చీ లాక్కుని నా పక్కకి వచ్చి కూర్చుని, ఆ బిట్ వచ్చేటప్పుడు నా మోకాలి మీద వేలితో తాళం వేశారు, సరిగ్గా ఎత్తుకోవాల్సిన చోట గట్టిగా నొక్కారు. అంతే. ఆ ఒక్క నొక్కుడు నాకు ఇప్పటికీ గుర్తు, ఖాళీని వదలడం అంటే ఏంటో నాకు తెలిసింది అక్కడే. ఆయనకి ఆ రోజు ముట్టిన డబ్బుల్లో నాకు నేర్పడం అనే పని లేదు, అయినా నేర్పారు, ఎందుకంటే నేను నేర్చుకుంటే గానీ ఆయన ఇంటికి వెళ్లలేరు. ఇది చాలా చిన్న సంగతిలా ఉంటుంది కానీ నా ఆలోచనంతా ఇక్కడే తిరుగుతోంది.

అంతకుముందు తరం సంగతి అయితే చెప్పక్కర్లేదు. మద్రాసులో మన సినిమా పాటలు రికార్డు చేసిన రోజుల్లో ఆర్కెస్ట్రా మొత్తం, గాయకులు, కోరస్ అందరూ ఒకేసారి ఒకే హాల్లో. టేపు ఖరీదు, పాట అయిపోయాక చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లు. బాలు గారు చాలాసార్లు చెప్పిన కథే ఇది, 1966లో విజయా గార్డెన్స్‌లో ఆయన మొదటి పాట రికార్డయినప్పుడు సంగీత దర్శకుడు కోదండపాణి గారు అక్కడి ఇంజనీర్ని బతిమాలి ఆ టేపు చెరిపేయకుండా కొన్నాళ్లు ఉంచమన్నారట, ఎందుకంటే వేరే సంగీత దర్శకుల్ని తీసుకొచ్చి ఈ కుర్రాడి గొంతు వినిపించడానికి. తర్వాత బాలు గారు కట్టుకున్న స్టూడియోకి కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు. ఆ టేపు కథ విన్నప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే, ఆ హాల్లో ఉన్న రెండో మనిషి తప్పులు పట్టడానికి మాత్రమే కాదు, నీ పాట పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్లేది కూడా అతనే.

అలాగని ఇంటి స్టూడియోలు వచ్చి సంగీతం పాడైపోయిందని నేననను. ఆ మాట అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. రెహమాన్ 1989లో కోడంబాక్కంలో ఇంటి పెరట్లోనే పంచతన్ స్టూడియో కట్టుకున్నాడు, అప్పటిదాకా మన రాజ్-కోటి లాంటివాళ్లకి కీబోర్డు వాయించిన కుర్రాడు. ఆ స్టూడియో వల్లే గడియారం చూసుకోకుండా రాత్రుళ్లు కూర్చుని శబ్దం మీద శబ్దం పేర్చుకోగలిగాడు, 1992లో రోజా వచ్చేసరికి అందరి చెవులూ నిక్కబొడుచుకున్నాయి. అమెరికాలో 2019లో బిల్లీ ఐలిష్ అనే గాయని మొదటి ఆల్బమ్ చాలావరకు వాళ్ల అన్న బెడ్‌రూంలోనే రికార్డు చేశారు, దానికి గ్రామీలు కూడా వచ్చాయి. కాబట్టి బెడ్‌రూం అయితే నాసి, పెద్ద హాలు అయితే గొప్ప అనేది లేదు. కానీ జాగ్రత్తగా చూడండి, రెహమాన్ పక్కన ఏళ్ల తరబడి శ్రీధర్ అనే గొప్ప ఇంజనీర్ ఉన్నాడు, బిల్లీ పాడుతుంటే ఎదురుగా అన్న కూర్చున్నాడు, విడివిడిగా రికార్డయిన శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్‌కి వచ్చేసరికి వాళ్లు కూడా ఇంకో ఇంజనీర్ చేతిలో పెట్టారు. ఇల్లు వాళ్లదే, చెవులు మాత్రం ఒక్కరివి కాదు.

మన దగ్గర ఇల్లు వచ్చింది, ఆ రెండో జత చెవులు రాలేదు.

నాకు కంప్యూటర్ వచ్చింది 2003లో, కూల్ ఎడిట్ ప్రో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకుని మామూలు సౌండ్ కార్డుతో మొదలెట్టా. మైకులో పాడితే వెనకాల తుమ్మెదలు ముసిరినట్టు హమ్ వచ్చేది. ఇప్పుడు చూస్తే మైకుని కంప్యూటర్‌కి కలిపే ఇంటర్‌ఫేసు ఒకటి, ఒక కండెన్సర్ మైకు, హెడ్‌ఫోన్స్, స్టాండు, కేబుళ్లు అన్నీ కలిపి 30,000 లోపే వచ్చేస్తున్నాయి. శబ్దం శుభ్రత వరకు అయితే మేము 1999లో గంటకి 300 పోసి తీసుకున్నదానికంటే ఇదే మెరుగు. అది ఒప్పుకుని తీరాలి. తేడా ఎక్కడొస్తోందంటే, పాడినవాడే వాయిస్తాడు, వాడే మిక్స్ చేస్తాడు, వాడే రాత్రి రెండింటికి హెడ్‌ఫోన్స్‌లో విని బాగుందనుకుని అప్‌లోడ్ చేసేస్తాడు. అదే పాటని నూటయాభైసార్లు విన్న చెవికి అందులో తప్పు వినపడదు, అది ఎవరికైనా అంతే, నాకూ అంతే. నా దగ్గరికి మాస్టరింగ్‌కి, అంటే చివరి మెరుగులకి వచ్చే పాటల్లో సగానికి పైగా సాహిత్యం కంటే రివర్బ్, అంటే మోత ఎక్కువ, ఎందుకంటే రాసినవాడికి మాటలు ముందే తెలుసు, వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది. ఇంకోటి, బఫర్ సంగతి చాలామంది కొత్తవాళ్లకి తెలియదు, అంటే కంప్యూటర్ ఒక్కో విడతలో ఎంత శబ్దం పోగుచేసుకుని పంపాలో చెప్పే అంకె. కంప్యూటర్ ఆగిపోతోందని బఫర్ 1024కి పెట్టేస్తారు, అంటే పాడిన గొంతు తిరిగి చెవిలోకి రావడానికి ఇరవై మిల్లీసెకన్లకి పైనే ఆలస్యం, పాడేవాళ్లకి అదేంటో అర్థం కాదు, ఏదో ఇబ్బందిగా ఉండి లయ వెనక్కి లాగుతుంటారు, చివరికి నాకు తాళజ్ఞానం లేదేమో అని దిగులు పడతారు. ఇలా దిగులు పడి పాడటం మానేద్దామనుకున్న కుర్రాణ్ణి నేను చూశా. 128కి పెట్టి, రికార్డయ్యేటప్పుడు గొంతుకి హంగులద్దే ప్లగిన్లన్నీ తీసేస్తే పది నిమిషాల్లో మామూలుగా పాడాడు. పక్కన తెలిసిన మనిషి ఒకడు లేకపోతే ఎంత నష్టమో చూడండి.

సరే, గాంధారం సంగతికి వస్తా.

మెలోడైన్ లాగే స్వరం సరిచేసే ఆటోట్యూన్ 1997లో వచ్చింది, దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమి లోపల చమురు ఎక్కడుందో ధ్వని తరంగాలతో వెతికే లెక్కల మీద పనిచేసిన మనిషి. గొప్ప బుర్ర, అందులో సందేహం లేదు. కానీ అది మామూలుగా చూసేది కీబోర్డు మీద ఉండే పన్నెండు మెట్లనే. మన తోడిలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు కదా, అటు రిషభాన్నీ ఇటు మధ్యమాన్నీ తాకుతూ ఊగుతుంది, ఆ ఊపే గాంధారం. సాఫ్ట్‌వేర్‌ని స్పీడుగా పెడితే ఆ ఊపుని మూడు మెట్లు చేసి పడేస్తుంది, పాడేది మనిషో డోర్‌బెల్లో తెలియదు. నెమ్మదిగా పెట్టి సాగదీస్తే ఊపు చచ్చిపోయి నున్నగా అయిపోతుంది. మెలోడైన్ కొంచెం నయం, ఊపుని అలాగే ఉంచి మొత్తం స్వరాన్ని కాస్త పైకో కిందకో జరపొచ్చు. కానీ ఎంత జరపాలి? తెర మీద స్వరాన్ని చూపించే బుడగ గీతకి మధ్యలో కూర్చుంటే సరిపోయినట్టా? అక్కడే వస్తుంది చిక్కు, పాటని కంటితో సరిచేస్తున్నాం. నేను కీబోర్డు వాడిని, గమకం, అంటే స్వరాన్ని అలా ఊపడం, లేని వాయిద్యం మీద ముప్పై ఏళ్లుగా స్వరాన్ని వంచే పిచ్ బెండ్ వీల్ మీద ఎడమచెయ్యి పెట్టి గమకం కోసం దేవుళ్లాడుతున్నవాణ్ణి, భగవంతుడు గొంతులో పెట్టి ఇచ్చినవాళ్ల గమకాన్ని నేను కూర్చుని చదును చేస్తుంటే నాకు ఎలా ఉంటుందో ఎలా చెప్పాలి.

పైగా సరిచేసినదే పిల్లలు మళ్లీ విని అలాగే పాడుతున్నారు, ఇది అన్నిటికంటే భయం వేసే సంగతి. మా సందులో పదేళ్ల పిల్ల ఒకటుంది, అది సినిమా పాట పాడితే ఆటోట్యూన్ విరుపు కూడా నోటితో పలికిస్తోంది. అది తప్పు అని దానికి తెలియదు, పాటలో భాగమే అనుకుంటోంది.

మా తబలా మాస్టారు, అదే డగ్గా మీద చెయ్యి ఆపినాయన, ఇప్పుడు అరవై దాటారు. ఆయనకి ఇప్పుడు పని ఎక్కువే ఉంది, అది కూడా చెప్పాలి. కీబోర్డులో రిథమ్ ప్యాడ్లు, ఒకే దరువు మళ్లీ మళ్లీ తిరిగే లూపులు వచ్చిన కొత్తలో చాలామంది తబలా, ఢోలక్ వాళ్లకి పిలుపులే రాలేదు, కొంతమంది వేరే పనుల్లోకి వెళ్లిపోయారు, ఆ పాపంలో కీబోర్డు వాళ్లకీ వాటా ఉంది, నాకూ ఉంది, నాలుగు వాయిద్యాల పని నేనొక్కణ్ణే చేసిన క్యాసెట్లు ఉన్నాయి. ఇప్పుడు ఆయన కొడుకు ఇంట్లోనే రెండు మైకులు పెట్టి ఇచ్చాడు, న్యూజెర్సీ నుంచి డాలస్ నుంచి మన తెలుగువాళ్లు నమూనాగా పాడిన డమ్మీ పాట, లయ చెప్పే టిక్ టిక్ చప్పుడు, అదే క్లిక్, పంపిస్తారు, ఈయన వాయించి ఫైళ్లు పంపిస్తారు, డబ్బులు సాయంత్రానికి అకౌంట్లో పడతాయి. స్టూడియో గుమ్మం ముందు డబ్బుల కోసం నిలబడే పని లేదు, ఆ గౌరవం చాలా పెద్దది, ఇంటి రికార్డింగ్ ఆయనకి ఇచ్చింది అది. కానీ మొన్న వెళ్తే ఒకమాట అన్నారు, "పాడే మనిషి ఊపిరి ఎక్కడ తీస్తాడో కనపడట్లేదురా, ముక్తాయింపు ఎవరి కోసం వెయ్యాలి?" అని, ముక్తాయింపంటే పాదం ముగించే దరువు. క్లిక్ ఊపిరి తీసుకోదు. పాత పాటల్లో చరణంలోకి వెళ్లేటప్పుడు లయ ఒక్క పిసరు ముందుకి కదలడం, పల్లవికి వచ్చేటప్పుడు సర్దుకోవడం ఉండేది, అది ఎవరో ఒకరు నిర్ణయించింది కాదు, అందరూ ఒకళ్లనొకళ్లు వింటే దానంతటదే వచ్చేది.

తెలంగాణ జానపదం సంగతి చూసినా ఇదే రెండువైపులా కనిపిస్తుంది నాకు. సినిమా ఛాన్సు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేకుండా కరీంనగర్ వైపు, వరంగల్ వైపు ఊళ్లలోనే చిన్న చిన్న స్టూడియోల్లో పాడి యూట్యూబ్‌లో పెట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది లేరు! ఆ గొంతుల్ని పెద్ద స్టూడియోలు పిలిచి పాడించేవా? నాకు నమ్మకం లేదు. కానీ డప్పు మాత్రం లూపుదే. డప్పుని వాయించే ముందు మంట దగ్గర కాచి తోలు బిగుసుకునేలా చేస్తారు, కాసేపు వాయించాక మళ్లీ వదులవుతుంది, మళ్లీ కాస్తారు, ఆ బిగువు పాట మొదట్లో ఒకలా చివర్లో ఒకలా ఉంటుంది. లూపులో ఒకే దెబ్బ పాట మొత్తం. వాయించేవాళ్లు అదే ఊళ్లో ఉంటారు, రెండు వీధుల అవతల, పిలిస్తే వస్తారు, ఇంట్లో నాలుగు గోడల మధ్య డప్పు రికార్డు చేయడం కష్టమే, పెరట్లో పెట్టండి, చెట్టు కింద పెట్టండి, పక్షి కూత పడితే పడనివ్వండి.

మా మేనత్త పాటలు నేను అలాగే చేశా. ఆవిడకి 78 ఏళ్లప్పుడు. పెళ్లి పాటలు, మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, ఎక్కడా రాసిపెట్టినవి కావు, వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవి. స్టూడియోకి రమ్మంటే జన్మలో వచ్చేది కాదు, రేడియో ఆడిషన్ మాట అసలే లేదు. మైకు తీసుకెళ్లి వాళ్ల వంటింట్లో పెట్టా, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ పాడింది, నేను ఎదురుగా పీట మీద కూర్చుని తొడ మీద తాళం వేశా, మధ్యలో చరణం మర్చిపోతే నా మొహంలోకి చూసేది, నేను తలూపితే వేరే చరణం ఎత్తుకునేది. నాలుగు రోజుల్లో 41 పాటలు. పోయినేడాది ఆవిడ వెళ్లిపోయింది. మొన్నామధ్య ఆ ఫైళ్లు తీసి కుక్కర్ విజిల్, గిన్నెల చప్పుడు తీసేద్దామని నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌లో పెడితే చప్పుడుతో పాటు ఆవిడ ఊపిరి కూడా వెళ్లిపోయింది, రెండు పాదాల మధ్య ఆవిడ తీసుకునే ఆ చిన్న ఊపిరి. వెంటనే ఆపేసి పాత ఫైళ్లే ఉంచేశా. చవకైన రికార్డింగే లేకపోతే ఆ 41 పాటలూ ఆవిడతోనే కాలిపోయేవి. ఈ పరికరాల్ని నేను తిట్టలేను, ఎప్పటికీ తిట్టలేను.

ఇదంతా ఆలోచించాక నా గదిలో పద్ధతి మార్చా. పాడేవాళ్లు, వాయించేవాళ్లలో కనీసం ఇద్దరు ఒకే గదిలో ఒకేసారి కూర్చోవాలి. మృదంగం పాడేవాళ్ల మైకులోకి కూడా పడుతుంది, అప్పుడు గొంతుని విడిగా జరపడం కుదరదు, జరిపితే మృదంగం కూడా వంకరపోతుంది, కాబట్టి నాకే దారి మూసుకుపోతుంది. పాటకి నాలుగు టేకులు, అంతకుమించి కావాలంటే ఇంటికెళ్లి సాధన చేసుకుని ఇంకో వారం రావాలి, డబ్బులు మళ్లీ తీసుకోను. ఇద్దరు ముగ్గురు కోపం తెచ్చుకుని వేరేచోటికి వెళ్లారు, వెళ్లనీ.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఇదే చెప్పా. వస్తుందనుకోలేదు. రెండు వారాలయ్యాక మృదంగం నేర్చుకుంటున్న క్లాస్‌మేట్ కుర్రాణ్ణి వెంటపెట్టుకుని వచ్చింది, ఇద్దరూ రోజూ సాయంత్రం కూర్చుని పాడుకున్నారట. రెండో టేకులో గాంధారం దగ్గరికి వచ్చేసరికి ఆ కుర్రాడు తలెత్తి తనవైపు చూశాడు, చేతులు తేలిక చేశాడు, ఆ పిల్ల కళ్లు మూసుకుని ఆ ఊపులో అలా నిలబడింది, నాకు ఒళ్లు జలదరించింది. అయిపోయాక నేను బాగుందమ్మా అన్నా. తను హెడ్‌ఫోన్స్ తీయకుండానే, "లేదు బాబాయ్, చరణంలో వీడు నాకోసం ఆగాడు, నేను ఆలస్యంగా వచ్చా, ఇంకోసారి" అంది.

ఇంకోసారి పాడారు. అదే పెట్టుకుంది.

వచ్చే నెల రెండో ఆదివారం వీళ్లిద్దరూ ఇంకో కీర్తన పాడతామంటున్నారు, వయొలిన్ ఉంటే బాగుంటుంది. విజయవాడ చుట్టుపక్కల వాయించేవాళ్లెవరైనా ఉంటే కబురు చెయ్యండి, పేరున్నవాళ్లే కానక్కర్లేదు, నేర్చుకుంటున్నవాళ్లయినా పర్లేదు. శ్రుతి అయిదున్నర. పొద్దున్న తొమ్మిదింటికల్లా మొదలెడతాం, ఎండ ముదిరితే ఆ గదిలో ఫ్యాన్ లేకుండా కూర్చోలేం.